సీటు వచ్చాక: వైకల్యం ఉన్న విద్యార్థులు, సైన్సు చదువు

(ధర్మనిధి ఉపన్యాసానికి అక్షరరూపం)



ఈ ధర్మనిధిని ఏర్పాటు చేసింది ఒక ఫిజిక్స్ మాస్టారి దగ్గర చదువుకున్న శిష్యులు, ఆయన జ్ఞాపకార్థం. వక్తకు వాళ్లు పెట్టిన షరతులు రెండే. సైన్సు చదువు గురించి మాట్లాడాలి, తెలుగులోనే మాట్లాడాలి. మాస్టారిని పొగడుతూ సభ సమయమంతా తినెయ్యవద్దని మెల్లిగా ఇంకో మాట కూడా అన్నారు. ఆయనున్నా అదే అనేవారు. కాబట్టి సూటిగా విషయానికి వస్తాను.

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 2024లో ఆయన కథ హిందీ సినిమాగా కూడా వచ్చింది. పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లో అంధుల బడిలో చదివి పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటర్లో సైన్సు గ్రూపు అడిగితే కుదరదన్నారు. చూపులేని పిల్లలు ఆర్ట్స్ చదువుకోవాలి, అప్పటి పద్ధతి అది. ఒక టీచరు తోడు నిలబడితే కోర్టుకెక్కాడు. నెలల తరబడి నడిచిన కేసు గెలిచి, పాఠాలు ఆడియోగా చేయించుకుని వింటూ చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. ఐఐటీ దారి మాత్రం తెరుచుకోలేదు. అమెరికాలో ఎంఐటీ సీటిచ్చింది. చదువు ముగించుకుని వచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు.

ఢిల్లీలో కార్తీక్ సాహ్నీది దాదాపు ఇదే కథ. పదో తరగతి అయ్యాక సైన్సు తీసుకోవడానికి సీబీఎస్ఈని ఒప్పించుకోవలసి వచ్చింది. 2013లో పన్నెండో తరగతి సైన్సులో 96 శాతం వచ్చింది. ఐఐటీ ప్రవేశ పరీక్ష రాయడానికి లేఖకుణ్ణి ఇమ్మని అడిగి అడిగి కాదనిపించుకున్నాడు. స్టాన్‌ఫర్డ్ పూర్తి స్కాలర్‌షిప్‌తో తీసుకుంది.

ఇద్దరు భారతీయ పిల్లలు. ఇక్కడ పనికిరారన్న చదువుకు అక్కడ పనికొచ్చారు. మనం సినిమా చూసి కళ్లు తుడుచుకున్నాం. ఇలాంటి కథల్లో నాకొక చిక్కు కనిపిస్తుంది. కుర్రాడి పట్టుదలను మెచ్చుకుంటూ కూర్చుంటే, ఆ పట్టుదల దేని మీద ఖర్చయిందో అడగడం మరిచిపోతాం. సైన్సు నేర్చుకోవడం మీద ఖర్చు కావలసిన సత్తువ, సైన్సు నేర్చుకోనివ్వమని అడగడం మీద ఖర్చయింది.

ఆ పాత నిబంధన రాసినవాళ్లు దుర్మార్గులని నేననుకోను. పాపం ఈ పిల్లాడు బొమ్మలెలా గీస్తాడు, యాసిడ్ సీసా ఎలా పట్టుకుంటాడు అని జాలిపడే రాసి ఉంటారు. గుమ్మం దగ్గర ఆ జాలి మీద మనం చాలాకాలంగా కొట్లాడుతున్నాం, కొన్ని కేసులు గెలిచాం, సీట్లు తెచ్చుకున్నాం. గుమ్మం దాటాక లోపల ఏముందన్నది ఎవరికీ పట్టలేదు. పాఠ్యపుస్తకం, నల్లబల్ల, ల్యాబులో బల్ల, ప్రశ్నపత్రం, పరిశోధన పత్రం, ఇవన్నీ ఒకే రకం శరీరాన్ని మనసులో పెట్టుకుని తయారుచేసినవి. సైన్సుకు ఆ శరీరంతో పని లేదని, ఆ పని ఉన్నది మన అలవాటుకేనని ఈ సాయంత్రం చెప్పదలచుకున్నాను.

గీరట్ వర్మై అనే జీవశాస్త్రజ్ఞుడున్నాడు. 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు. గ్లాకోమా వల్ల మూడేళ్లకే పూర్తిగా చూపు పోయింది. కుటుంబం అమెరికా వలస వెళ్లాక, నాలుగో తరగతిలో టీచరు ఫ్లోరిడా నుంచి తెచ్చిన గవ్వలు తడిమి చూశాడు. అక్కడ మొదలైన ఇష్టం ప్రిన్‌స్టన్ దాకా తీసుకెళ్లింది. పిహెచ్.డి. కోసం యేల్ వెళ్తే, ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరుకు సహజంగానే అనుమానం వచ్చింది. చూపులేనివాడు జీవశాస్త్రంలో పరిశోధనేం చేస్తాడు? మ్యూజియంలోకి తీసుకెళ్లి ఒక గవ్వ చేతిలో పెట్టి ఇదేమిటన్నాడు. వర్మై తడిమి దాని శాస్త్రీయ నామం చెప్పాడు. ఇంకోటి ఇచ్చాడు. అదీ చెప్పాడు. సీటు వచ్చింది.

తర్వాత జరిగిందే అసలు విషయం. వేలితో తడుముతూ పోతుంటే కొన్ని గవ్వల మీద విరిగి మళ్లీ అతుక్కున్న గీతలు తగిలేవి. పీతలు పగలగొట్టబోయి వదిలేసిన ఆనవాళ్లు అవి. అలా చచ్చి బతికిన గవ్వల లెక్క తీస్తూ పోయి, తినేవాటికీ తప్పించుకునేవాటికీ మధ్య కోట్ల ఏళ్లుగా సాగిన పోటీ జీవపరిణామాన్ని ఎలా నడిపిందో చెప్పే సిద్ధాంతం కట్టాడు. 1987లో పుస్తకంగా వేశాడు.

చూపు పోతే వేలికొసలకు దివ్యశక్తి వస్తుందని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఆయన వెనక బ్రెయిలీ ఉంది, వ్యాసాలు చదివిపెట్టే మనుషులున్నారు, అద్దాల పెట్టెలు తెరిచి నమూనాలు తాకనిచ్చిన మ్యూజియం ఉంది. ఆ ప్రొఫెసరు చేసిన పని కూడా గమనించండి. నువ్వు చూడగలవా అని అడగలేదు. గవ్వలు గుర్తుపట్టగలవా అని పరీక్షించాడు. సైన్సు చదువులో అర్హత పరీక్ష అంటే అదీ.

అయినా సైన్సులో కంటితో చూసేదెంత? ఎలక్ట్రాన్‌ను ఎవరు చూశారు? ఎక్స్ కిరణాలు, రేడియో తరంగాలు, కృష్ణబిలాలు, ఏవీ కంటికి ఆనవు. పరికరం పట్టుకుంటుంది, అంకెలుగా ఇస్తుంది, ఆ అంకెల్ని మనం బొమ్మగా గీసుకుంటాం. బొమ్మ మన సౌకర్యం. అవే అంకెల్ని శబ్దంగా మార్చుకోవచ్చు, వేలికి తగిలే గీతగా మార్చుకోవచ్చు. ప్వెర్టో రికోకు చెందిన వాండా డియాజ్-మెర్సెద్ విశ్వవిద్యాలయంలో ఉండగా చూపు కోల్పోయింది. గ్రాఫులు చూడలేకపోయింది. రేడియో దూరదర్శినికి అందిన సంకేతాలను ఒక మిత్రుడు వినిపిస్తే, నక్షత్రాల డేటాను చెవితో చదవవచ్చని గ్రహించింది. దాని మీదే పరిశోధన చేసి ఖగోళశాస్త్రజ్ఞురాలైంది. గ్రాఫులో రొద మధ్య కన్ను దాటేసే సన్నని ఆనవాలును కొన్నిసార్లు చెవి పట్టుకుంటుందని ఆమె పని చూపించింది.

లెక్కల సంగతి వేరు. ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం, ఎందుకంటే మన పిల్లల్ని ఎక్కువగా ఆపేది ఇదే.

బోర్డు మీద రాస్తూ మనం చెప్పే పాఠం ఎలా ఉంటుంది? "దీన్ని దీంతో భాగించి, దాన్ని ఇటు తెచ్చామనుకోండి, అప్పుడిది పోతుంది." లెక్కల పాఠంలో సగం సర్వనామాలే. చూడనివాడికి అందులో ఏమీ అందదు. సరే, పేర్లతో చదువుదాం. "ఆరు ప్లస్ నాలుగు బై రెండు" అన్నాననుకోండి. జవాబెంత? ఆరునూ నాలుగునూ కలిపి రెండుతో భాగిస్తే 5. నాలుగును మాత్రమే భాగించి ఆరుకు కలిపితే 8. బోర్డు మీద ఒక అడ్డగీత పొడవు ఆ తేడా చెప్పేస్తుంది. నోటిమాటలో ఆ గీత ఎగిరిపోతుంది. గణితం కాగితం మీద పైకీ కిందకీ పక్కకీ పరుచుకుని ఉంటుంది. మాట, బ్రెయిలీ వరసగా నడుస్తాయి.

ఇప్పుడు పరీక్ష హాలుకు రండి. చూపులేని బీటెక్ విద్యార్థికి లేఖకుడుంటాడు. విద్యార్థి తనే తెచ్చుకునే లేఖకుడి చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు అన్నాయి. కాపీ కొట్టకుండా పెట్టిన జాగ్రత్త, అర్థం చేసుకోగలను. కానీ సమాకలన గుర్తు ఎప్పుడూ చూడని మనిషికి మూడు వరుసల సమీకరణాన్ని మాటల్లో చెప్పి రాయించడం ఎంత నరకమో ఆ నిబంధన రాసినవాళ్లు ఒక్కసారి కూర్చుని ప్రయత్నించాలి. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తున్నారు, నిజమే. ఆ 20 నిమిషాలూ గుర్తుల పేర్లు చెప్పడానికే పోతాయి.

ఈ చిక్కు కొత్తదేం కాదు. సోవియట్ గణితవేత్త లెవ్ పొంట్ర్యాగిన్‌కు పద్నాలుగో ఏట స్టవ్ పేలి చూపు పోయింది. వాళ్లమ్మ తత్యానా కుట్టుపని చేసే మనిషి, ఉన్నత గణితం ఆమెకు తెలియదు. అయినా పుస్తకాలు, పరిశోధన పత్రాలు కొడుక్కి చదివిపెట్టేది. గుర్తుల పేర్లు తెలియక ఆకారాన్నిబట్టి తనే పేర్లు పెట్టుకుంది. సమితుల ఛేదనం గుర్తుకు తోకలు కిందికి, సమ్మేళనం గుర్తుకు తోకలు పైకి. ఆ తోకలు వింటూ ఆ కుర్రాడు ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణితవేత్తల్లో ఒకడయ్యాడు. అమ్మకు దండం పెట్టాలి. కానీ ప్రతి పిల్లవాడికీ తత్యానా లాంటి అమ్మ దొరకాలని లెక్కేసుకుని ఏ దేశమూ విద్యావిధానం రాసుకోకూడదు.

అబ్రహాం నెమెత్ ఆ తోకలకు ఒక పద్ధతి తెచ్చాడు. న్యూయార్క్‌లో 1918లో చూపు లేకుండా పుట్టాడు. లెక్కలంటే ప్రాణం. చూపులేనివాళ్లకు లెక్కలు సరిపడవని పెద్దలు చెబితే సైకాలజీ చదివాడు. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరకలేదు. అప్పుడు భార్య, ఎలాగూ నిరుద్యోగివే కదా, నిరుద్యోగ సైకాలజిస్టుగా ఉండేకంటే నిరుద్యోగ గణితవేత్తగా ఉండరాదా అందట. ఇంత పదునైన కెరీర్ గైడెన్స్ నేనెక్కడా వినలేదు. ఆయన లెక్కల్లోకి మళ్లాడు, ప్రొఫెసరయ్యాడు. మామూలు బ్రెయిలీలో అంకెలకూ అక్షరాలకూ అవే చుక్కలు, ముందొక గుర్తు పెట్టి తేడా తెలుసుకోవాలి. నెమెత్ తన సొంత వాడకానికి అంకెల్ని గడిలో కిందికి దించి, భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తులు చేర్చుకున్నాడు. చూపులేని ఒక భౌతికశాస్త్రజ్ఞుడు సమాకలనాల పట్టిక అడిగితే ఆ లిపి బయటికొచ్చింది. 1952 నుంచి దాన్ని నెమెత్ కోడ్ అంటున్నాం.

మన టి.వి.రామన్ ఇంకో అడుగు ముందుకేశాడు. పుణేలో పుట్టినవాడు, పద్నాలుగో ఏట గ్లాకోమాతో చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి అమెరికాలో కార్నెల్ వెళ్లాడు. గణితం నిండిన వ్యాసాన్ని కంప్యూటర్ చేత చదివించే వ్యవస్థ తయారుచేసి 1994లో డాక్టరేట్ పొందాడు. దాని పేరు ఆస్టర్, ఆయన దారిచూపే కుక్క పేరూ అదే. ఘాతం వస్తే గొంతు స్థాయి పెంచి చదువుతుంది, కింది గుర్తు వస్తే తగ్గిస్తుంది. కాగితం మీద పైకీ కిందకీ ఉన్నది చెవిలో పైకీ కిందకీ అయింది. ఇది ఎలా సాధ్యపడింది? ఆ వ్యాసాలు లాటెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థలో రాసినవి. ఏది భిన్నం, ఏది ఘాతం అన్న నిర్మాణం ఆ ఫైల్లోనే ఉంటుంది. నిర్మాణం చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని అచ్చుగా తీసుకోవచ్చు, బ్రెయిలీగా తీసుకోవచ్చు, గొంతుగా తీసుకోవచ్చు. ఫొటో తీసి అతికిస్తే అన్నీ పోయి బొమ్మ ఒక్కటే మిగులుతుంది.

ఇక మన తెలుగు పుస్తకాల సంగతి. ఈ సభలో ప్రచురణకర్తలున్నారు, నొచ్చుకోకండి.

మన డీటీపీ సెంటర్లలో దశాబ్దాలుగా తెలుగు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను వంటి పాత ఫాంట్లలో కూర్చుతున్నారు. ఆ ఫాంట్లు తెలుగు అచ్చుకు చేసిన మేలు తక్కువది కాదు, అందమైనవి కూడా. కానీ వాటి పద్ధతి వేరు. తెర మీద "త్వరణం" అని కనిపిస్తుంది, కంప్యూటర్ లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ చిహ్నాలూ కలగలిసిన గజిబిజి ఉంటుంది. చూపున్నవాడు తెర చూస్తాడు, తేడా తెలియదు. స్క్రీన్ రీడర్, అంటే తెర మీది పాఠాన్ని చూపులేనివాళ్లకు వినిపించే సాఫ్ట్‌వేర్, లోపలిది చదువుతుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఆస్ట్రేలియాలో ఇద్దరు చూపులేని కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టి ఉచితంగా ఇచ్చారు, అది తెలుగు చదువుతుంది. దానికి మన ఫిజిక్స్ పుస్తకం పీడీఎఫ్ ఇస్తే మతిలేని కూతలు కూస్తుంది. సమీకరణాలు బొమ్మలుగా అతికించినవి కాబట్టి అక్కడికొచ్చి మౌనం వహిస్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. యూనికోడ్‌లో కూర్చితే స్క్రీన్ రీడర్ హాయిగా చదువుతుంది. బ్రెయిలీలోకి మార్చడమూ తేలికే, తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ 1951లోనే ఖరారైంది. చట్టమూ అడ్డం లేదు. 2012 కాపీరైట్ సవరణతో, చదవలేనివాళ్ల కోసం ఏ పుస్తకాన్నయినా వాళ్లకు అనువైన రూపంలోకి మార్చుకోవడానికి అనుమతి అడగనక్కర్లేదు. ఇదే ఉద్దేశంతో వచ్చిన మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే, 2014 జూన్ 24న. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా పెట్టుకున్నాం. ఇన్ని ఉండి కూడా ఏం జరుగుతోంది? ప్రచురణకర్త దగ్గర కంప్యూటర్ ఫైలు ఉన్న పుస్తకాన్ని, ఎక్కడో ఒక స్వచ్ఛంద సేవకురాలు మొదటి అక్షరం నుంచి మళ్లీ టైపు చేస్తోంది. ఆమె చేసేది పుణ్యకార్యమే. ఆమె చేత అది చేయించుకోవడం మనకు సిగ్గుచేటు. ఆ టైపు పూర్తయ్యేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

బొమ్మల విషయంలో ఐఐటీ ఢిల్లీలో ప్రొఫెసర్ ఎం.బాలకృష్ణన్ బృందం మంచి పని చేసింది. చేతికర్రకు అమర్చే స్మార్ట్‌కేన్ వాళ్లదే, 2014లో వచ్చింది. పాఠ్యపుస్తకాల బొమ్మలను వేలితో చదివేలా ఉబ్బెత్తుగా చేసే పద్ధతిని తక్కువ ధరకు తెచ్చారు. బొమ్మను ఉన్నదున్నట్టు ఉబ్బిస్తే వేలికి ఏమీ అర్థం కాదు. కటకం బొమ్మలో పతన కిరణానికో రకం గీత, వక్రీభవన కిరణానికి ఇంకో రకం గీత ఉండాలి, గీతల మధ్య వేలు పట్టే ఎడముండాలి, అలంకారాలు తీసెయ్యాలి. అలా తీస్తున్నప్పుడే తెలుస్తుంది, మన పుస్తకాల బొమ్మల్లో అనవసరమైనది ఎంత ఉందో.

ప్రాక్టికల్స్ దగ్గరికి వచ్చేసరికి మన వ్యవస్థ మహా మర్యాదస్తురాలు అవుతుంది. నీకు ప్రయోగం వద్దులే బాబూ, బదులుగా ప్రశ్నలకు జవాబులు రాయి అంటుంది. పరీక్ష పాసవడానికి ఇది పనికొస్తుంది, అందుకు తప్పుపట్టను. కానీ ఇంటర్లో మినహాయింపు, డిగ్రీలో మినహాయింపు తీసుకుంటూ వచ్చిన పిల్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ గుమ్మం దగ్గరికొచ్చేసరికి, నీకు ల్యాబు అనుభవమే లేదే అంటారు. అనుభవం రాకుండా చేసింది మనమే.

అమెరికాలో కేరీ సుపాలో అనే చూపులేని రసాయన శాస్త్రజ్ఞుడు పెన్ స్టేట్‌లో పరిశోధన చేస్తుండగా ఒక చిన్న పరికరం తయారుచేశాడు. ద్రావణంలో ముంచే కాంతి గ్రాహకం అది. రంగు మారినా, అవక్షేపం ఏర్పడినా దాని శబ్దస్థాయి మారుతుంది. ఇప్పుడు టైట్రేషన్ చెవితో చెయ్యవచ్చు. మాట్లాడే థర్మామీటర్లు, మాట్లాడే తూకాలు ఉన్నాయి. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి ఇంత కూడా అక్కర్లేదు. ల్యాబును మేడ మీద నుంచి కిందికి దించాలి, ఒక బల్ల ఎత్తు తగ్గించి కింద మోకాళ్లు పట్టే చోటు వదలాలి, నీళ్ల పంపు చేతికందాలి. బల్ల సంగతైతే వడ్రంగికి ఒక పూట పని. కాలేజీలో కొత్త కాన్ఫరెన్స్ హాలుకు ఏసీ పెట్టించేటప్పుడు అడగని అనుమతులన్నీ ఈ బల్ల దగ్గర గుర్తుకొస్తాయి.

వినికిడి లేని పిల్లల సంగతి ఇంతవరకు ఎత్తుకోలేదు. వాళ్ల వైకల్యం పైకి కనబడదు కనుక వాళ్లు క్లాసులో కూడా కనబడకుండా పోతారు. మాస్టారు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతుంటే పెదాలు చదివే వీలు లేదు. సైన్సు మాటలకు సంజ్ఞలు తక్కువ. దుబాసీ ఒక్కో అక్షరం వేళ్లతో పేర్చేలోపు పాఠం రెండు పేజీలు దాటుతుంది. కేంద్రం 2015లో పెట్టిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం 10,000 మాటల నిఘంటువు తయారుచేసింది, అది మన కాలేజీల దాకా రావాలి.

వినపడనివాళ్లు సైన్సుకు కొత్తవాళ్లు కారు. అల్గోల్ నక్షత్రం వెలుగు లెక్క ప్రకారం తగ్గి పెరుగుతుందని కనిపెట్టి 1783లో రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం అందుకున్న జాన్ గుడ్రిక్ చెవిటివాడు, అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. నక్షత్రాల వర్గీకరణలో మనం బట్టీపట్టే ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం వరుసను స్థిరపరచిన ఏనీ జంప్ కానన్‌కు వినికిడి దాదాపు లేదు. ఇంకో ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. 1950ల చివర అంతరిక్షయానానికి సన్నాహాలు జరుగుతున్నప్పుడు, బరువులేని స్థితిలో మనిషి ఏమవుతాడో తెలియదు. అమెరికాలో వినికిడి లేనివాళ్ల కోసం ఉన్న గాలోడెట్ కాలేజీకి చెందిన పదకొండుమందిని ప్రయోగాలకు తీసుకున్నారు. లోపలి చెవి దెబ్బతిన్నది కాబట్టి వాళ్లకు కళ్లు తిరగడం, వాంతులు ఉండవు. తుఫాను సముద్రంలో ఓడ మీద పరీక్ష పెడితే వాళ్లు తాపీగా పేకాడుకుంటూ కూర్చున్నారు. పరీక్షించడానికి వచ్చిన శాస్త్రజ్ఞులు వాంతులు చేసుకుని మంచం పట్టారు, ప్రయోగం ఆపెయ్యవలసి వచ్చింది. ఆ పదకొండుమందిలో ఎవరినీ అంతరిక్షంలోకి పంపలేదు. ఎవరి శరీరం దేనికి లోపమో చోటునుబట్టి ఉంటుంది.

వైకల్యం ఉన్నవాళ్లు డిగ్రీ దాకా చదవడం గొప్ప అనుకునే మనకు, వాళ్లు పరిశోధకులు కాగలరన్న ఊహే తట్టదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే వెంటనే స్టీఫెన్ హాకింగ్ పేరు చెప్పి నోరు మూయిస్తారు. సంకల్పముంటే సాధ్యం కానిదేముంది, హాకింగ్‌ను చూడండి అంటారు. చూద్దాం. 1985లో శస్త్రచికిత్సతో గొంతు పోయాక ఆయనకు మాటల్ని తెర మీద ఎంచుకునే కంప్యూటర్ ప్రోగ్రాం దొరికింది. చివరి ఏళ్లలో చెంప కండరం కదలికతో మాటలు కూర్చేవాడు, ఇంటెల్ ఇంజినీర్లు ఏళ్లపాటు ఆయన పక్కన కూర్చుని ఆ వ్యవస్థను ఆయనకు సరిపడేలా దిద్దారు. రాత్రింబవళ్లు నర్సులున్నారు. ఉద్యోగం తీసెయ్యని విశ్వవిద్యాలయం ఉంది. హాకింగ్ సంకల్పాన్ని మన పిల్లలకు పాఠంగా చెప్పేవాళ్లు, హాకింగ్ ఏర్పాట్లను మన విశ్వవిద్యాలయాలకు పాఠంగా చెప్పాలి. ఇంటెల్ ఆ సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా వదిలింది కూడా.

పరిశోధకుడి రోజు పత్రాలు చదవడంతో మొదలవుతుంది. ఆ పత్రాలు పీడీఎఫ్‌లు, రెండు నిలువు వరుసల్లో. స్క్రీన్ రీడర్ చాలాసార్లు ఎడమ వరుస, కుడి వరుస కలిపి చదివేస్తుంది. భౌతిక, గణిత శాస్త్రజ్ఞులు తమ పత్రాలు ఉంచే ఆర్కైవ్ అనే భండారం 2023 డిసెంబరు నుంచి వాటిని హెచ్‌టీఎంఎల్ రూపంలోనూ ఇవ్వడం మొదలుపెట్టింది. చెప్పుకోవడానికి చిన్న మార్పు. అంతవరకు సహోద్యోగిని బతిమాలుకుని చదివించుకున్న మనిషి ఇప్పుడు తన పత్రం తను చదువుకుంటుంది. కృత్రిమ మేధ బొమ్మల్ని వర్ణించి చెబుతోందని ఈ మధ్య సంబరపడుతున్నారు. రైల్వే స్టేషన్ బోర్డు చదవడానికి బాగుంది. గ్రాఫు దగ్గర నేను నమ్మను. అది ఆత్మవిశ్వాసంతో తప్పు చెబితే సరిచూసుకునే దారి చూపులేని పరిశోధకురాలికి లేదు. ఆమెకు కావలసింది గ్రాఫు వెనకున్న అంకెల పట్టిక. అది ఇవ్వడానికి మేధ అక్కర్లేదు, మనసుంటే చాలు.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. వైకల్యం ఉన్నవాళ్ల కోసం వచ్చిన 1995 చట్టం 3 శాతం సీట్లిచ్చింది. 2016 చట్టం ఉన్నత విద్యలో దాన్ని 5 శాతం చేసింది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సీట్ల గురించి ఉత్తర్వులు చకచకా వస్తాయి, సీటు ఒక అంకె కాబట్టి. అందుబాటు గురించి మాత్రం 2017లో చేసిన నియమాలు సలహాల్లా ఉండిపోయాయి, పాటిస్తే పాటించండి లేకుంటే లేదు అన్నట్టు. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న దీన్ని తప్పుపట్టింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని నియమం ఐచ్ఛికం చెయ్యడం చెల్లదని 15వ నియమాన్ని కొట్టేసి, మూడు నెలల్లో కచ్చితమైన ప్రమాణాలు తెమ్మంది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రం. అంతకు రెండు వారాల ముందు ఓం రాథోడ్ కేసులో, కండరాల క్షీణత ఉన్న ఒక విద్యార్థిని ఎంబీబీఎస్‌లో చేర్చుకోమంటూ, వైకల్యం ఎంత శాతమని లెక్కపెట్టడంతో సరిపెట్టక ఏ సాయంతో ఏం చెయ్యగలడో చూడాలని అదే కోర్టు చెప్పింది. యేల్ ప్రొఫెసరు గవ్వ చేతిలో పెట్టి తేల్చిన ప్రశ్నే ఇది.

తీర్పులు సరే, ఆచరణ ఎలా ఉంటుందో చూడండి. పోలియోతో కాళ్లు దెబ్బతిని కర్రల సాయంతో నడిచిన మన ఎస్.జైపాల్ రెడ్డిగారు 2012 నుంచి 2014 దాకా కేంద్ర సైన్స్, టెక్నాలజీ మంత్రి. మంత్రిగారు వస్తున్నారంటే ఏ ప్రయోగశాలా మాకు మెట్లున్నాయని చెప్పదు. అవే కర్రలతో వచ్చే పరిశోధక విద్యార్థికి మెట్లున్నాయని చెప్పడానికి వెనకాడదు.

2011 జనగణన ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. వీళ్లలో ఎంతమంది ఫిజిక్స్ చదవాలనుకుని పొలిటికల్ సైన్స్ చదివారో ఏ జనగణనా చెప్పదు. పొలిటికల్ సైన్స్ మంచి చదువే. తను ఎంచుకుంటే.

ముగించే ముందు నా విన్నపాలు. ప్రచురణకర్తలారా, ఈ ఏడాది నుంచి సైన్సు పుస్తకాలు యూనికోడ్‌లో కూర్చండి, సమీకరణాలు బొమ్మలుగా అతికించకండి, పాత పుస్తకాల ఫైళ్లు అడిగినవాళ్లకు ఇవ్వండి. అధ్యాపక మిత్రులారా, బోర్డు మీద రాసేది నోటితో పూర్తిగా చెప్పండి, మాట్లాడేటప్పుడు పిల్లల వైపు తిరగండి. వీటికి బడ్జెట్ అక్కర్లేదు. ప్రిన్సిపాళ్లారా, జూన్‌లో కాలేజీ తెరిచేలోపు ల్యాబులో ఒక బల్ల ఎత్తు తగ్గించండి, చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి ఇంకా రాలేదని ఆగకండి. ఈ ఉపన్యాసాన్ని అచ్చు వేసే ధర్మనిధి బాధ్యులకు నాదీ ఒక షరతు: యూనికోడ్‌లో కూర్చండి, కాగితం ప్రతితోపాటు ఫైలు కూడా అడిగినవాళ్లందరికీ ఉచితంగా పంపండి.